పక్కన కూర్చున్న పిల్లతో రెండు మాటలు



ఇవాళ మీతో బడి గురించి మాట్లాడతాను. బడిలో పంతులుగారి మాట గురించి కాదు, పిల్లల మాట గురించి. మీరు టీచరైతే రేపు పొద్దున మొదటి పీరియడ్‌కే పనికొచ్చే సంగతి ఇది. మీరు తల్లో తండ్రో అయితే, మీ పిల్ల బడిలో ఉన్నంతసేపట్లో పాఠం గురించి ఎన్ని మాటలు మాట్లాడుతుందో ఒకసారి ఆలోచించండి.

మనందరం చూసిన తరగతే. పంతులుగారు పాఠం చెబుతారు. బోర్డు మీద రాస్తారు. చేతికంటిన సుద్ద దులుపుకుని, "అర్థమైందా?" అంటారు. తరగతి మొత్తం ఒక్క గొంతుతో, రాగం తీసి, "అయిందండీ" అంటుంది. ఆ "అయిందండీ"లో ఎవరికి అయిందో, ఎవరికి కాలేదో పంతులుగారికి తెలియదు. చాలాసార్లు ఆ మాట అన్న పిల్లలకూ తెలియదు.

సరే, ఇంకాస్త శ్రద్ధ ఉన్న టీచరు ప్రశ్న అడుగుతారు. ముందు బెంచీలో మూడు నాలుగు చేతులు లేస్తాయి. నిన్న లేచినవీ అవే, రేపు లేచేవీ అవే. అందులో ఒకరు జవాబు చెబుతారు. టీచరు "వెరీ గుడ్" అంటారు. పాఠం ముందుకు వెళ్ళిపోతుంది. వెనక వరసలో కూర్చున్న పిల్లకి ఆ రోజు ఒక్క మాటా రాదు. ఆ వారమూ రాదు. ఏడాది గడిచిపోతుంది.

ఒక్క చిన్న లెక్క చెబుతాను, ఒక్కటే. నలభై మంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడ్. టీచరు నోరు మెదపకుండా పిల్లల్నే ఒకరి తర్వాత ఒకరిని మాట్లాడిస్తే, తలా ఒక్క నిమిషం వస్తుంది. పీరియడ్ అయిపోతుంది. అదే పిల్లల్ని ఇద్దరిద్దరుగా తిప్పి, "మీరిద్దరూ నాలుగు నిమిషాలు మాట్లాడుకోండి" అంటే, తలా రెండు నిమిషాలు వస్తాయి. నలభై మందికీ వస్తాయి. ఇంకా ముప్పైఆరు నిమిషాలు మిగిలే ఉంటాయి.

ఇదే నేను చెప్పదలచుకున్నది. పిల్లల్ని ఇద్దరిద్దరుగా మాట్లాడుకోనివ్వండి. పాఠం పక్కన పెట్టి కాదు, పాఠం మీదే.

దీనికొక పద్ధతి ఉంది. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ లైమన్ అనే ఆచార్యుడు 1981లో దీన్ని ఒక క్రమంలో పెట్టాడు. చాలా తేలిక. మూడే మెట్లు. ముందు ఎవరికి వారు ఆలోచించుకోవాలి. తర్వాత పక్కవారితో మాట్లాడుకోవాలి. ఆ తర్వాత అందరికీ చెప్పాలి. మళ్ళీ చెబుతున్నాను, గుర్తుంచుకోండి. ముందు ఆలోచన. తర్వాత పక్కవారితో మాట. ఆ తర్వాత అందరితో.

ఈ మూడింటిలో మనం ఎక్కువగా ఎగ్గొట్టేది మొదటిదే. ప్రశ్న అడిగాక టీచర్లు ఎంతసేపు ఆగుతారు? మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్లో మాటల్ని టేపుల్లో రికార్డు చేసి కొలిచింది. చాలామంది టీచర్లు ఆగేది ఒక్క సెకను. ఒక్క సెకనులో జవాబు రాకపోతే ఇంకొకరిని అడుగుతారు, లేదా తామే చెప్పేస్తారు. అదే మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి. ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడారు. మూడు సెకన్లంటే ఎంత? మనం ఒకసారి ఊపిరి పీల్చి వదిలేంత. అంతే. కానీ పిల్లల ముందు నిలబడి ఆ మూడు సెకన్లు నిశ్శబ్దంగా ఉండటం టీచరుకి చాలా కష్టం. అలవాటు చేసుకోవాలి.

ఈ మూడు మెట్లూ తరగతిలో ఎలా ఉంటాయో చూడటానికి ఇప్పుడు మిమ్మల్ని వాడరేవు తీసుకెళ్తాను. చీరాల నుంచి సముద్రం వైపు వెళ్తే వచ్చేది వాడరేవు. ఓడరేవు అని కూడా అంటారు. ఆ చుట్టుపక్కల బడుల్లో సముద్రం మీద బతికే ఇళ్ళ పిల్లలూ ఉంటారు, చీరాల, పేరాల వైపు మగ్గం మీద బతికే ఇళ్ళ పిల్లలూ ఉంటారు. వేటకు పోయే నాన్నలు, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని బజారుకి వెళ్ళే అమ్మలు. ఇంకో వైపు, కండెలు చుట్టే అమ్మలు, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే నాన్నలు.

అలాంటి ఒక బడిలో ఐదో తరగతి. జంతువులు ఊపిరి ఎలా తీసుకుంటాయన్నది పాఠం. "చేప దేనితో ఊపిరి తీస్తుంది?" అని అడిగితే ఒక్క మాటలో జవాబు వచ్చేస్తుంది, "మొప్పలు" అని. ఆ మాట పుస్తకంలో లావుపాటి అక్షరాలతో ఉంటుంది మరి. ఇక మాట్లాడుకోడానికేముంది? ఆ టీచరమ్మ అలా అడగలేదు. "బజార్లో చేప కొనేవాళ్ళు మొప్ప ఎత్తి చూస్తారు కదా, ఎందుకు? ఆ చేప సముద్రంలో ఉన్నప్పుడు మొప్పకి ఏం పని?" అంది. "ఎవరూ మాట్లాడొద్దు, కాసేపు ఆలోచించుకోండి" అంది. ఆగింది. తర్వాత, "ఇప్పుడు పక్కవాళ్ళతో మాట్లాడుకోండి" అంది.

గది ఒక్కసారిగా గోలగోల అయిపోయింది. ఆ గోలలో కిటికీ పక్కన ఇద్దరాడపిల్లలు. ఒకమ్మాయి వాళ్ళమ్మ చేపలమ్ముతుంది. రెండో అమ్మాయిది నేతపని చేసే ఇల్లు. వాళ్ళిద్దరి మాటలు ఇలా సాగాయి.

"మొప్ప ఎర్రగుంటే ఇయ్యాల్టి చేప. రంగు మారితే పాతది. మా అమ్మ ఎత్తి చూపిచ్చిద్ది."

"ఎందుకెర్రగుంటదే?"

"నెత్తురు గదా."

"నెత్తురు ఒళ్ళంతా ఉంటది గదా. అక్కడే ఎందుకెక్కువ?"

చేపలమ్మాయి దగ్గర జవాబు లేదు. కాసేపు ఊరుకుంది. తర్వాత రెండు అరచేతులూ చెంపల కిందికి తెచ్చి, తెరిచి మూసి చూపించింది. "నోట్లోంచి నీళ్ళు తీసుకుంటది. ఇట్టా పక్కల్నించి వదిలిద్ది. ఒడ్డున పడేసినా కాసేపు ఇట్టానే కొట్టుకుంటయ్."

"అయితే ఆ నీళ్ళు తాగట్లేదే. ఊపిరి తీస్తంది."

ఆ చివరి మాట అన్నది ఎవరు? నేతపని చేసే ఇంటి పిల్ల. ఆమెను ఆ మాట దాకా తీసుకెళ్ళింది ఎవరు? చేపలమ్మే ఇంటి పిల్ల. ఇద్దరిలో ఏ ఒక్కరూ తానొక్కతే అక్కడిదాకా వెళ్ళేది కాదు. ఒకమ్మాయికి చేప తెలుసు, కానీ తనకు తెలిసింది పాఠమని తెలియదు. రెండో అమ్మాయికి చేప తెలియదు, కానీ అడగడం తెలుసు. "అక్కడే ఎందుకెక్కువ?" అన్నది ఎంత మంచి ప్రశ్న! ఆ ప్రశ్న టీచర్ని అడిగేదా? అడిగేది కాదు. పక్కపిల్లనైతే అడగొచ్చు. తప్పయితే నవ్వేది ఒక్కరే, నలభై మంది కాదు.

తర్వాత టీచరమ్మ అందరినీ ఆపి, ఆ రెండో అమ్మాయిని లేపింది. "నువ్వు ఏమనుకున్నావో కాదు, నీ పక్కమ్మాయి నీకేం చెప్పిందో చెప్పు" అంది. ఈ చిన్న మెలకువ టీచర్లు పట్టుకోవాలని నా కోరిక. "పక్కవాళ్ళేం చెప్పారో చెప్పు" అని అడుగుతారని తెలిస్తే, పిల్లలు ఒకరి మాట ఒకరు వింటారు. లేకపోతే తమ వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు. ఆ అమ్మాయి చెప్పింది. చేపలమ్మాయి తల వంచుకుని విన్నది, తన మాట తరగతి మొత్తం వింటుంటే. అప్పుడు టీచరమ్మ నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్ సంగతి చెప్పింది. నెత్తురు మొప్పల సన్నటి పోగుల్లోకి వచ్చి ఆ ఆక్సిజన్‌ని అందుకుంటుందని చెప్పింది. పాఠం అప్పుడు చెప్పింది. పిల్లలు అడగడం మొదలుపెట్టాక చెప్పింది.

ఇక్కడొక సంగతి దాటిపోలేను. ఆ పిల్లలు "చూపిచ్చిద్ది" అన్నారు, "కొట్టుకుంటయ్" అన్నారు. టీచరు ఎదుట లేచి నిలబడి చెప్పాల్సి వస్తే ఆ అమ్మాయి ముందు భాషను సర్దుకోవాలి. "చూపిస్తుంది" అనాలి. ఆ సర్దుబాటులో అసలు సంగతి జారిపోతుంది, లేదా అసలు నోరే పెగలదు. గిడుగు రామమూర్తి పంతులుగారు వందేళ్ళ కిందట వాడుక భాష కోసం పోరాడింది ఇందుకే కదా. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని, ఆయన ముందు తానే ఆ భాష నేర్చుకున్నారు. పక్కపిల్లతో మాట్లాడేటప్పుడు ఏ పిల్లకైనా ఇంటిభాషే వస్తుంది. రానివ్వండి. ఆలోచన ముందు ఆ భాషలోనే పుడుతుంది. పుస్తక భాష తర్వాత నేర్పవచ్చు, నేర్పాలి కూడా.

ఇదంతా పరాయి దేశాల పద్ధతేమో, మనకెందుకని కొందరంటారు. వినండి. మన వీధిబడుల్లో పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం ఎప్పటి నుంచో ఉంది. అరుగు మీద బడి. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం. 1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతగురువు మద్రాసు ఎగ్మోరులో ఒక అనాథాశ్రమ పాఠశాలకు అధికారిగా చేరాడు. అక్కడికి దగ్గర్లో ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో రాస్తూ నేర్చుకోవడం చూశాడు. తన బడిలోనూ అలాగే చేయమన్నాడు. పంతుళ్ళు వల్లకాదన్నారు. అప్పుడు ఒక చిన్న పిల్లాడిని పిలిచి, నువ్వు మిగతావాళ్ళకి నేర్పమన్నాడు. నేర్పాడు. బెల్ తన దేశం వెళ్ళి 1797లో దాని మీద పుస్తకం వేశాడు. అది మద్రాసు పద్ధతి అన్న పేరుతో ఇంగ్లండంతా పాకింది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ అనే ఊళ్ళో ఈనాటికీ మద్రాస్ కాలేజ్ అనే బడి ఉంది. ఆ పేరు దానికి అలా వచ్చిందే.

1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ కూడా తన జిల్లా బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. ముందు నేర్చిన పిల్లలు వెనక ఉన్నవారికి నేర్పుతారని, అలా నేర్పుతూ తమ చదువును గట్టిపరుచుకుంటారని మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని చూసి నేర్చుకోవడం సబబేనన్నాడు.

అయితే ఒక తేడా ఉంది, దాచకూడదు. ఆ పద్ధతిలో ఒకరు చెప్పేవారు, ఒకరు వినేవారు. ఇంగ్లండు వెళ్ళేసరికి అది ఇంకా బిగుసుకుపోయింది. పెద్ద పిల్లాడు చిన్న ఇన్‌స్పెక్టరై కూర్చున్నాడు. నేను చెబుతున్నది అది కాదు. ఇద్దరూ సమానంగా కూర్చోవాలి. ఇద్దరూ మాట్లాడాలి. ఇద్దరూ వినాలి.

పాతతరం టీచర్లు ఇప్పుడు నవ్వుకుంటూ ఉండాలి, ఇది మాకు కొత్తా అని. కాదు. మీకు కొత్త కాదు. ఏపెప్ గుర్తుంది కదా! ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1984లో కొద్ది బడుల్లో మొదలై, తర్వాత రాష్ట్రమంతా వ్యాపించింది. ఆరు సూత్రాలు. వాటిలో ఒకటి, పిల్లలు ఒంటరిగానూ, జట్టుగానూ, తరగతి మొత్తంగానూ పనిచేయాలని. ఆ రోజుల్లో టీచర్లు ఉపాధ్యాయ కేంద్రాల్లో కలుసుకునేవారు, కృత్యాలు తయారుచేసుకునేవారు. తరగతి గదుల్లో తాళ్ళు కట్టి పిల్లల బొమ్మలు వేలాడదీసేవారు. అది మన బడికి ఎంతో మేలు చేసింది. కానీ నేను చూసిన చాలా గదుల్లో పిల్లలు జట్లుగా కూర్చున్నారే గానీ జట్లుగా పనిచేయలేదు. గుండ్రంగా కూర్చుని, మెడలు తిప్పి, బోర్డు వైపే చూశారు. కూర్చోబెట్టడం ఒకటి, మాట్లాడించడం ఒకటి. ఇప్పటి మన పాఠ్యపుస్తకాల్లోనూ "జట్లలో చర్చించండి" అని ఉంటుంది. ఆ వాక్యాన్ని చదివి, కింది వాక్యానికి వెళ్ళిపోతాం. దయచేసి ఆ వాక్యం దగ్గర ఆగండి. నాలుగు నిమిషాలు ఆగండి.

ఇక ఇబ్బందులు. మొదటిది గోల. టీచర్లందరి భయం ఇదే. పక్క తరగతివాళ్ళు ఏమంటారో, హెడ్మాస్టరుగారు వచ్చి, "ఏంటమ్మా ఈ సంత?" అంటారేమో. గోలలో రెండు రకాలున్నాయి. వరసల మధ్య నడుస్తూ చెవి పెట్టి వినండి. పాఠం మీద మాటలు వినబడుతుంటే అది పని జరుగుతున్న చప్పుడు. సినిమా కబుర్లు వినబడుతుంటే మీరడిగిన ప్రశ్న చప్పగా ఉందని, లేదా ఎక్కువసేపు ఇచ్చారని అర్థం. చేయెత్తగానే ఆగాలని ముందే ఒప్పందం చేసుకోండి. మొదటి వారం ఆగరు. రెండో వారం కొందరు ఆగుతారు. తర్వాత వాళ్ళే ఒకరినొకరు ఆపుకుంటారు. హెడ్మాస్టర్లు ఎవరైనా వింటుంటే వారికి నా మనవి, తలుపు దగ్గర నుంచి కాదు, లోపలికొచ్చి ఒక జంట పక్కన కూర్చుని వినండి.

రెండో ఇబ్బంది, ఒకరే మాట్లాడేయడం. ఒడ్డు నుంచి పెద్ద వల లాగేటప్పుడు చూడండి, రెండు తాళ్ళుంటాయి, రెండు గుంపులుంటాయి. ఒక గుంపే లాగితే వల పక్కకి తిరుగుతుంది, చేప జారిపోతుంది. జంటలోనూ అంతే. అందుకని వంతులు పెట్టండి. ముందు కిటికీ వైపు కూర్చున్నవారు. చప్పట్లు కొట్టాక గోడవైపువారు. తక్కువ మాట్లాడే పిల్లని ముందు వంతు వచ్చే వైపు కూర్చోబెట్టండి. నత్తి ఉన్న పిల్లాడికి, మాట తడబడే పిల్లకి, ఒక్కరి ముందు మాట్లాడటం ఎంత ఊరటో చూస్తే మీకే తెలుస్తుంది. బేసి సంఖ్య వస్తే ముగ్గురు కూర్చుంటారు, దానికేం బాధ లేదు.

మూడోది ఇబ్బంది అనను. అంతకంటే లోతైనది. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది. పిల్లల్ని వాళ్ళ ఇష్టానికి వదిలేస్తే ఊళ్ళో ఎలా ఉందో తరగతిలోనూ అలాగే కూర్చుంటారు. పేట పిల్లలు ఒక వైపు, పల్లె పిల్లలు ఒక వైపు. ఆడపిల్లలు ఒక వరస, మగపిల్లలు ఒక వరస. కొత్తగా వలస వచ్చిన కుటుంబం పిల్ల మూలన ఒక్కతే. జంటల్ని టీచరే వేయాలి. నెలకోసారి మార్చాలి. ఇందులో మొహమాటం పనికిరాదు. "మా వాడి పక్కన ఫలానా పిల్లాడు వద్దండీ" అని ఎవరైనా తల్లిదండ్రులు వస్తే, మర్యాదగా, గట్టిగా, కుదరదని చెప్పాలి. బడి ఉన్నది అందుకు. ఇంట్లో, వీధిలో పరిచయం కాని పిల్లలు ఒకరి మాట ఒకరు వినేది ఆ నాలుగు నిమిషాల్లోనే.

ఒక్క టీచరే ఐదు తరగతులు చూసే బడులున్నాయి కదా, అక్కడెలా అని అడుగుతారు. నిజానికి అక్కడ ఇది ఇంకా అవసరం. చిత్తూరు వైపు మదనపల్లె దగ్గర రిషివ్యాలీ పాఠశాల వారు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపారు. రకరకాల వయసుల పిల్లలు, ఒకరే టీచరు. చిన్న చిన్న కార్డుల మీద పాఠాలు, ఒక్కో పిల్ల ఏ మెట్టు దగ్గరుందో చూపే నిచ్చెన పట్టిక. కొన్ని కార్డులు టీచరుతో చేయాలి, కొన్ని తోటిపిల్లలతో, కొన్ని తానొక్కతే. తోటిపిల్లల సాయం అక్కడ పద్ధతిలోనే భాగం. దాన్ని చూసి తమిళనాడు 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి, తర్వాత రాష్ట్రమంతా అమలుచేసింది. మన నేల మీద పుట్టిన పని అది.

చిన్న పిల్లలకే కదా ఇవన్నీ అనుకోవద్దు. హార్వర్డులో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి ఇదే చేస్తున్నాడు. ఉపన్యాసం మధ్యలో ఆపి ప్రశ్న వేస్తాడు. ఎవరి జవాబు వారు రాసుకోవాలి. తర్వాత పక్కవారితో వాదించుకోవాలి. మళ్ళీ జవాబివ్వాలి. రెండోసారి సరైన జవాబులు పెరుగుతాయి. కారణం ఆయనే చెబుతాడు. తనకు ఆ సంగతి ఎప్పుడో తెలుసని, అందుకే దానిలో ఉన్న కష్టం తాను మరిచిపోయానని. ఇప్పుడే తెలుసుకున్న విద్యార్థికి ఆ కష్టం ఇంకా గుర్తుంటుంది, అందుకని పక్కవాడికి సరిగ్గా చెప్పగలడని. ఇంటర్ కాలేజీల్లో, హాస్టళ్ళలో తెల్లవారుజాము నుంచి నోరు మూసుకుని నోట్సు బట్టీ పడుతున్న మన పిల్లల్ని తలుచుకుంటే నాకు బాధేస్తుంది. రోజుకి ఒక్క ప్రశ్న మీదైనా వాళ్ళని మాట్లాడుకోనివ్వకూడదా?

టీచర్లకి మరొక్కసారి చెబుతాను. ఒక్క మాటలో జవాబు రాని ప్రశ్న ఎంచుకోండి, మీ ఊరి బతుకులోంచి ఎంచుకోండి. ముందు ఆలోచన, మాట లేకుండా. తర్వాత పక్కవారితో మాట, వంతులవారీగా. ఆ తర్వాత అందరితో, పక్కవారేం చెప్పారో చెబుతూ. రోజంతా చేయక్కర్లేదు. రేపు ఒక్క పాఠంలో, ఒక్క ప్రశ్నకి చేసి చూడండి.

అమ్మానాన్నలకు ఒక పని ఉంది. సాయంత్రం పిల్ల బడి నుంచి రాగానే "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అని అడుగుతాం. "ఏం లేదు" అంటుంది. రేపటి నుంచి, "నీ పక్కన కూర్చున్నమ్మాయి ఇవాళ నీకేం చెప్పింది?" అని అడగండి. ఆ అమ్మాయి పేరేమిటో, వాళ్ళ ఇల్లెక్కడో కూడా అడగండి.